బ్లాకు మార్చితే బండి పరిగెత్తుతుందా? టూ స్ట్రోక్ సిలిండర్ ఎంపిక వెనక ఉన్న అసలు లెక్క

అనంతపురంలో పాత యమహా ఆర్‌ఎక్స్ 100లు బాగుచేసే ఏ షెడ్డు ముందు కాసేపు నిలబడినా ఒక ప్రశ్న చెవిన పడుతుంది. "అన్నా, దీనికి 150 బ్లాకు ఏద్దామా?" అనుభవమున్న మెకానిక్ అయితే అవుననడు, కాదనడు. "ఏద్దాం ప్పా, పికప్ యాడ కావాలో చెప్పు ముందు" అంటాడు. అడిగినవాడికి ఆ ఎదురుప్రశ్న అర్థం కాదు. సీసీ పెరిగితే అన్నిచోట్లా పికప్ పెరగాలి కదా అనుకుంటాడు. నిజానికి కొత్త సిలిండర్, అంటే షెడ్డు భాషలో బ్లాకు, కొనేటప్పుడు తేల్చుకోవాల్సింది ఆ ఒక్క విషయమే.

ముందు మన చేతిలో ఉన్నదేమిటో చూద్దాం. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన ఆర్‌ఎక్స్ 100 ఇంజిను బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 50 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం) 50 మి.మీ. ఆ కొలతల్లో పట్టే చోటు లెక్క కడితే 98 సీసీ. 7500 ఆర్పీఎం దగ్గర 11 హార్స్‌పవర్. దాని అన్న ఆర్‌ఎక్స్ 135కు స్ట్రోకు అదే 50, బోరు మాత్రం 58 మి.మీ.; అందుకే 132 సీసీ. ఇండోనేషియాలో ఏళ్ల తరబడి అమ్ముడైన ఆర్‌ఎక్స్ కింగ్ కూడా ఇదే కొలతల బండి. అక్కడ ఆ బండికి ఇప్పటికీ ఉన్న గిరాకీ వల్ల రకరకాల బ్లాకులు తయారై మన దాకా వస్తున్నాయి. ఇవికాక మన దగ్గరే పోసిన నకళ్లు ఉన్నాయి, పాత బ్లాకుకే పెద్ద లైనర్ (సిలిండర్ లోపలి ఇనుప గొట్టం) దించి బోరు చేసినవి ఉన్నాయి. పెట్టె మీద రాసేది మాత్రం అందరూ ఒకటే: సీసీ.

సీసీతో పని లేదని కాదు. 98 నుంచి 132కు పోతే పిస్టన్ ఒక్కో దెబ్బకు 35 శాతం ఎక్కువ చోటు ఊడుస్తుంది. కానీ అదే 347 సీసీతో రాజ్‌దూత్ 350 రెండు రకాలుగా వచ్చిన సంగతి గుర్తుందా? హై టార్క్ రకం 30.5 హార్స్‌పవర్, లో టార్క్ రకం 27. సీసీలో తేడా లేదు, మూడున్నర గుర్రాలు ఎక్కడికో పోయాయి. టీవీఎస్ సుజుకి షోగన్ 108 సీసీతోనే 14 హార్స్‌పవర్ ఇచ్చేది. ఆర్‌ఎక్స్ 100 కంటే సీసీ పది శాతమే ఎక్కువ, శక్తి మాత్రం పాతిక శాతం పైనే ఎక్కువ. కాబట్టి లెక్క సీసీ దగ్గర ఆగదు.

గోడలో రంధ్రాలే ఇంజిను స్వభావం

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో వాల్వులు, క్యామ్ షాఫ్టు చేసే పనంతా టూ స్ట్రోక్‌లో సిలిండర్ గోడకున్న రంధ్రాలు, అంటే పోర్టులు, చేస్తాయి. పిస్టన్ కిందికి దిగుతూ మొదట ఎగ్జాస్ట్ పోర్టును తెరుస్తుంది. మండిన పొగ తన ఒత్తిడితో తానే బయటికి దూకుతుంది. ఇంకాస్త దిగాక ట్రాన్స్‌ఫర్ పోర్టులు తెరుచుకుంటాయి. కింద క్రాంకు తిరిగే గదిలో, అంటే క్రాంక్‌కేస్‌లో, నొక్కుడుపడి ఉన్న కొత్త గాలి, పెట్రోలు పైకొచ్చి మిగిలిన పొగను నెట్టేస్తాయి. ట్రాన్స్‌ఫర్ పోర్టులు ఎగ్జాస్ట్ వైపు కాకుండా దానికి ఎదురుగోడ వైపు తిరిగి ఉండటం వల్ల కొత్త గాలి ఆ గోడ ఎక్కి, సిలిండర్ పైమూత అయిన హెడ్ దగ్గర మలుపు తిరిగి వస్తుంది. 1920ల్లో జర్మన్ ఇంజినీర్ అడాల్ఫ్ ష్నూర్లె కనిపెట్టిన పద్ధతి ఇది. ఇవాళ మన వీధిలో తిరిగే దాదాపు ప్రతి టూ స్ట్రోక్ బండిలోనూ ఆయన ఆలోచనే తిరుగుతోంది.

ఎగ్జాస్ట్ తెరుచుకోవడానికీ, ట్రాన్స్‌ఫర్ తెరుచుకోవడానికీ మధ్య ఉన్న వ్యవధి చాలా ముఖ్యం. ఆ సందులో పొగ ఒత్తిడి తగ్గిపోవాలి. తగ్గకముందే ట్రాన్స్‌ఫర్ తెరుచుకుంటే పొగ కిందికి, క్రాంక్‌కేస్‌లోకి దూరుతుంది. కొత్త గాలి పాడవుతుంది, వేడెక్కుతుంది.

ఇక పోర్టు ఎత్తు సంగతి. 3000 ఆర్పీఎం దగ్గర క్రాంకు ఒక చుట్టు తిరగడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. 7500 దగ్గర 8 మిల్లీసెకన్లే. ఆ చుట్టులోని 360 డిగ్రీల్లో పోర్టు తెరిచి ఉండే డిగ్రీలు మారవు, సమయం మాత్రం అంతగా కుంచించుకుపోతుంది. ఎక్కువ ఆర్పీఎంలో ఇంజిను ఊపిరి పీల్చుకోవాలంటే పోర్టు ముందుగా తెరుచుకోవాలి, అంటే పై అంచు ఎత్తులో ఉండాలి. కానీ అదే ఎత్తు తక్కువ ఆర్పీఎంలో శాపం. పిస్టన్‌ను నెట్టాల్సిన ఒత్తిడి ముందే బయటికి పోతుంది, కొత్త పెట్రోలు కూడా తెరిచి ఉన్న పోర్టులోంచి సైలెన్సర్‌లోకి జారిపోతుంది. పికప్ చచ్చిపోయి, మైలేజీ పడిపోయి, పైన ఎక్కడో ఒక్కసారిగా తన్నుకొచ్చే బండి తయారవుతుంది.

రెండూ కావాలంటే పోర్టు ఎత్తే మారుతుండాలి. యమహా 1970ల చివర తన రేసు బండ్లలో, తర్వాత రోడ్డు బండ్లలో పెట్టిన పవర్ వాల్వు చేసేది అదే. మన ఆర్‌ఎక్స్‌కు అది లేదు. పోర్టు ఒకసారి ఎక్కడ కోస్తే అక్కడే.

ఒక మిల్లీమీటరు అంటే ఎంత

పోర్టింగ్ గురించి మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది "కొంచెం లేపినాం" అంటారు. ఆ కొంచెం ఎంతో లెక్క కడదాం. స్ట్రోకు 50 మి.మీ., కనెక్టింగ్ రాడ్ పొడవు దానికి రెట్టింపు, 100 మి.మీ. అనుకుందాం. ఎగ్జాస్ట్ పోర్టు పై అంచు, పిస్టన్ అన్నిటికన్నా పైన ఉండే చోటు నుంచి 28.2 మి.మీ. కింద ఉంటే పోర్టు మొత్తం 180 డిగ్రీలు తెరిచి ఉంటుంది. అదే అంచు 26 మి.మీ. దగ్గర ఉంటే 190 డిగ్రీలు. అంటే 2.2 మి.మీ. అరగదీస్తే పది డిగ్రీలు. మిల్లీమీటరుకు నాలుగున్నర డిగ్రీలు.

రోజూ ఊళ్లో, రోడ్డు మీద తిరిగే బండికి 175 నుంచి 185 డిగ్రీల మధ్య బాగుంటుంది. 190 దాటిందంటే అది రేసు దారి పట్టినట్టే. 195, 200 అంటే గేరు మార్చడం ఒక్క క్షణం ఆలస్యమైనా బండి ముక్కుతుంది. కాబట్టి కొనబోయే బ్లాకు గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్ని సీసీ" కాదు, "ఎగ్జాస్ట్ ఎన్ని డిగ్రీలు, ట్రాన్స్‌ఫర్ ఎన్ని డిగ్రీలు". అమ్మేవాడికి తెలియకపోతే మనమే కొలుచుకోవచ్చు. బ్లాకును ఇంజిను మీద పెట్టి, క్రాంకు చివర డిగ్రీ చక్రం బిగించి, పిస్టన్ అంచు పోర్టు అంచును వదిలే క్షణం, మళ్లీ మూసే క్షణం చదువుకుంటే సరిపోతుంది. డిగ్రీ చక్రం లేకపోతే వెర్నియర్ కాలిపర్‌తో లోతు కొలిచి పై లెక్క వాడుకోవచ్చు.

ఇక్కడే మన షెడ్లలో బాగా వాడుకలో ఉన్న ఒక చిట్కా గురించి చెప్పాలి. బ్లాకు కింద ప్యాకింగ్ మందం పెంచి మొత్తం సిలిండర్‌ను పైకి లేపడం. ఖర్చు లేదు, గ్రైండర్ పట్టాల్సిన పని లేదు, పోర్టులన్నీ ఒకేసారి లేస్తాయి. కానీ అన్నీ ఒకేలా లేవవు. పై లెక్కలోనే ట్రాన్స్‌ఫర్ పోర్టులు 125 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుంటే, ఒక మిల్లీమీటరు లేపగానే వాటికి దాదాపు ఆరు డిగ్రీలు కలుస్తాయి, ఎగ్జాస్ట్‌కు నాలుగున్నరే. పిస్టన్ కిందికి వెళ్లేకొద్దీ నెమ్మదిస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. అంటే పొగ బయటికి పోవడానికి కావాల్సిన ఆ సందు పెరగకపోగా కాస్త తగ్గుతుంది. పైగా హెడ్డుకూ పిస్టన్‌కూ మధ్య ఖాళీ పెరిగి కంప్రెషన్ పడిపోతుంది, మళ్లీ హెడ్డు కోయించాలి. ఆర్‌ఎక్స్‌కు రీడ్ వాల్వు (గాలిని లోపలికే వదిలే రేకు తలుపు) ఉంది కాబట్టి ఇన్‌టేక్ వైపు పెద్ద తేడా రాదు. పాత టూ స్ట్రోక్ యెజ్డీ లాంటి బండిలో ఇన్‌టేక్‌ను కూడా పిస్టన్ అంచే తెరుస్తుంది. బ్లాకు లేపితే అక్కడ ఇన్‌టేక్ సమయం తగ్గిపోతుంది. ఒక బండికి పనిచేసిన చిట్కా ఇంకోదానికి ఎదురు తిరిగేది ఇందుకే.

ఎత్తు పెంచకుండా వెడల్పు పెంచితే? మంచి ప్రశ్న. డిగ్రీలు మారకుండా పోర్టు పరిమాణం పెరుగుతుంది. అయితే పిస్టన్ చుట్టూ ఉండే రింగు ఆ పోర్టు ముందు నుంచి పోయేటప్పుడు కొద్దిగా బయటికి ఉబుకుతుంది. పోర్టు మరీ వెడల్పైతే, మూలలు గుండ్రంగా లేకపోతే, అంచు నున్నగా వాల్చి ఉండకపోతే రింగు తగులుకుని విరుగుతుంది. మధ్యలో కమ్మీ లేని ఒకే ఎగ్జాస్ట్ పోర్టుకు బోరులో 65 నుంచి 70 శాతం వెడల్పు దాటితే ప్రమాదమే. 50 మి.మీ. బోరుకు 70 శాతమంటే 35 మి.మీ. రింగు కదలకుండా పిస్టన్ గాడిలో ఉండే చిన్న పిన్ను కూడా చూసుకోవాలి. కొత్త పిస్టన్‌లో ఆ పిన్ను వేరే చోట ఉంటే రింగు మూతి సరిగ్గా పోర్టు మీదికి వస్తుంది. అలాంటి బండి షెడ్డు దాటి ఎంతో దూరం పోదు.

సైలెన్సర్ మార్చకుండా బ్లాకు మార్చితే

1950ల్లో తూర్పు జర్మనీలోని ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజినీరు సైలెన్సర్ ఆకారంతోనే టూ స్ట్రోక్ శక్తిని ఎక్కడికో తీసుకెళ్లాడు. 1961 నాటికి ఆయన 125 సీసీ రేసు ఇంజిను 25 హార్స్‌పవర్ ఇచ్చేది, అంటే లీటరుకు 200. అదే ఏడాది ఆయన రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ దేశం దాటి పారిపోయి ఆ విద్యను సుజుకి చేతిలో పెట్టాడు. మరుసటి ఏడాదే సుజుకి 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచింది. గూఢచారి కథలా ఉంటుంది గానీ జరిగిందే. సిలిండర్ పోర్టులు, సైలెన్సర్ రెండూ ఒకే యంత్రమని లోకానికి తెలిసింది అప్పుడే.

పోర్టు తెరుచుకోగానే ఒత్తిడి అల ఒకటి పైపులోకి పరిగెడుతుంది. బావిలో కేక వేస్తే తిరిగొచ్చినట్టు, సైలెన్సర్ చివర సన్నబడే చోట తగిలి వెనక్కి వస్తుంది. పోర్టు మూసుకోబోయే ముందు ఆ అల తిరిగొస్తే, బయటికి జారిపోతున్న కొత్త పెట్రోలును మళ్లీ సిలిండర్‌లోకి తోసేస్తుంది. ముందొచ్చినా, ఆలస్యంగా వచ్చినా లాభం లేదు. వేడి పొగలో అల వేగం సెకనుకు సుమారు 510 మీటర్లు అనుకుంటే, 180 డిగ్రీల పోర్టుకు, 7500 ఆర్పీఎంకు పోర్టు నుంచి ఆ తగిలే చోటుకు దూరం సుమారు 102 సెంటీమీటర్లు ఉండాలి. 190 డిగ్రీల పోర్టుతో 9500 ఆర్పీఎం కావాలంటే 85 సెంటీమీటర్లే. పదిహేడు సెంటీమీటర్ల తేడా! ఎత్తు పోర్టుల బ్లాకు కొని కంపెనీ సైలెన్సర్‌తోనే నడిపేవాడు రెండు వైపులా నష్టపోతాడు. కింద పికప్ పోయింది, పైన రావాల్సింది రాలేదు. అందుకే బ్లాకు, సైలెన్సర్, కార్బురేటర్ జెట్లు (పెట్రోలును కొలిచి వదిలే సన్నటి రంధ్రాలు) కలిపి ఒకే జట్టుగా కొనగలిగితేనే ఆ జోలికి పోవాలి. డబ్బు ఒక్కదానికే ఉంటే కంపెనీ కొలతల బ్లాకే మేలు.

ఆర్పీఎం పెంచితే క్రాంకు మీద పడే భారం కూడా గమనించాలి. 50 మి.మీ. స్ట్రోకుతో 7500 దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 12.5 మీటర్లు. 10,000 దగ్గర 16.7. వేగం మూడో వంతు పెరిగింది గానీ పిస్టన్ మలుపు తిరిగే చోట రాడ్డును లాగే బలం దాదాపు 78 శాతం పెరుగుతుంది, అది ఆర్పీఎం వర్గంతో పెరిగేది కాబట్టి. ముప్పై, నలభై ఏళ్ల నాటి క్రాంకు బేరింగులు, పెద్ద పిస్టన్ బరువుతో కలిపి ఆ దెబ్బ ఎన్నాళ్లు తింటాయి?

కంప్రెషన్ అంకెల గారడీ

కంప్రెషన్ అంటే లోపలి గాలి ఎన్ని రెట్లు నొక్కుడు పడుతుందో చెప్పే అంకె. దాన్ని ఒకరు 11 అంటారు, ఒకరు 7 అంటారు, ఇద్దరూ ఒకే ఇంజిను గురించే మాట్లాడుతుంటారు. 98 సీసీ ఇంజిను హెడ్డు లోపల ఖాళీ 9.5 సీసీ అనుకుందాం. స్ట్రోకు మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటే కంప్రెషన్ 11.3 వస్తుంది. కానీ ఎగ్జాస్ట్ పోర్టు మూసుకునేదాకా ఏదీ నొక్కుడు పడదు కదా. పోర్టు మూసుకున్నాక మిగిలిన 28.2 మి.మీ. మాత్రమే లెక్కిస్తే 6.8. జపాను కంపెనీలు చెప్పే అంకె ఈ రెండోది. కిట్లు అమ్మేవాళ్లు చాలాసార్లు మొదటిది చెబుతారు. ఏది చెబుతున్నారో అడగండి.

ఇప్పుడు అదే హెడ్డును 58 మి.మీ. బోరు బ్లాకు మీద పెట్టి, లోపలి ఖాళీ అదే 9.5 సీసీ ఉంచితే? పోర్టు మూసిన తర్వాతి కంప్రెషన్ 6.8 నుంచి 8.8కి ఎగబాకుతుంది. మే నెలలో 43 డిగ్రీల ఎండలో అది నాకింగ్‌ను, అంటే పెట్రోలు అదుపు తప్పి పేలడాన్ని, చేతులెత్తి పిలవడమే. పెద్ద బ్లాకుతో పాటు దానికి సరిపడే హెడ్డు కూడా కావాలి. హెడ్డు ఖాళీ కొలవడం కష్టమేమీ కాదు. మందుల షాపులో దొరికే పెద్ద సిరంజితో, పిస్టన్ పైన ఉంచి, ప్లగ్ రంధ్రంలోంచి పలచటి నూనె నింపుతూ ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో చూడాలి. ప్లగ్ మరల్లో పట్టిన నూనెను అందులోంచి తీసేయాలి.

హెడ్డు అంచు చుట్టూ పిస్టన్‌కు దగ్గరగా వచ్చే పట్టీ దగ్గర ఖాళీ ఎంతుందో కూడా చూడాలి. ప్లగ్ రంధ్రంలోంచి సోల్డర్ తీగను సిలిండర్ గోడను తాకేదాకా, గజన్ పిన్ (పిస్టన్‌ను రాడ్డుకు కలిపే పిన్ను) వరుసలో దూర్చి, కిక్ రాడ్‌ను చేత్తో నొక్కి ఇంజినును ఒక చుట్టు తిప్పాలి. బయటికి తీసిన తీగ చివర ఆకులా చదునుగా అవుతుంది. ఆ చదును మందాన్ని కాలిపర్‌తో కొలిస్తే ఖాళీ తెలుస్తుంది. చిన్న ఇంజిన్లకు 0.7 నుంచి 1 మి.మీ. మధ్య ఉంటే బాగుంటుంది. 1.5 ఉంటే ఆ పట్టీ ఉన్నా లేనట్టే, అక్కడ చిక్కిన పెట్రోలు సరిగా మండక నాకింగ్‌కు దారితీస్తుంది. అయిదు నిమిషాల పని ఇది. మన షెడ్లలో చేసేవాళ్లు తక్కువ.

ఇనుప లైనరా, ప్లేటింగా

అల్యూమినియం బ్లాకులో పోత ఇనుము లైనర్ ఉన్నవి పాత పద్ధతి. నేరుగా అల్యూమినియం గోడ మీద నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిపిన గట్టి పూత పూసినవి కొత్తవి. పూత బ్లాకులు వేడిని త్వరగా రెక్కలకు చేరుస్తాయి. పిస్టన్, సిలిండర్ రెండూ ఒకే లోహం కాబట్టి దాదాపు ఒకేలా వ్యాకోచిస్తాయి. కాబట్టి వాటి మధ్య ఖాళీ తక్కువ ఉంచొచ్చు. కాగితం మీద అన్నివిధాలా పూతే గెలుస్తుంది.

అయినా మన ప్రాంతంలో రోజువారీ బండికి నేను ఇనుప లైనర్‌కే ఓటేస్తాను. పూత బ్లాకు గీతలు పడితే బోరు చేయించడం కుదరదు. మళ్లీ పూత వేయించాలి, అది కర్నూలు, కడపలోని మామూలు లేత్ షాపుల్లో అయ్యే పని కాదు. ఇనుప లైనర్ అయితే 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. అని సైజులు పెంచుకుంటూ పోవచ్చు. అయితే 1.00 పిస్టన్ వేసి "సీసీ పెరిగింది" అని సంబరపడొద్దు: 51 మి.మీ. బోరుకు వచ్చేది 102 సీసీ, నాలుగు శాతం.

పెద్ద బోరు కోసం లైనర్‌ను మరీ సన్నగా కోసేసిన బ్లాకుల జోలికి మాత్రం పోకండి. వేడికి సన్నటి లైనర్ గుండ్రంగా ఉండదు. హెడ్డు బోల్టులు బిగించగానే వంకర తిరుగుతుంది. బయటివైపు మందంగా ఉన్న లైనర్ వేస్తే అది క్రాంక్‌కేస్ నోట్లో పట్టదు, క్రాంక్‌కేస్‌ను కూడా కోయాలి. కోశాక మళ్లీ పాత బ్లాకు పెట్టుకునే దారి పోతుంది. కొనేముందు లైనర్ కింది భాగం బయటి వ్యాసం, స్టడ్డుల దూరం, గజన్ పిన్ వ్యాసం, పిన్ను నుంచి పిస్టన్ తల దాకా ఎత్తు, ఈ నాలుగూ మన ఇంజినుతో పోల్చి చూడాల్సిందే.

చవక బ్లాకుల్లో అసలు లోపం పోతలో ఉంటుంది. టార్చి పట్టుకుని ఎగ్జాస్ట్ వైపు నుంచి లోపలికి చూడండి. లైనర్‌లో కోసిన రంధ్రం, వెనక అల్యూమినియం దారి ఒకదానికొకటి సరిపోలక మెట్టులా కనిపిస్తే గాలి అక్కడే కొట్టుకుంటుంది. తర్వాత ఎడమ, కుడి ట్రాన్స్‌ఫర్ పోర్టుల పై అంచుల లోతును బ్లాకు పైభాగం నుంచి కొలవండి. అర మిల్లీమీటరు తేడా ఉంటే ఒకవైపు ఒకటిన్నర డిగ్రీలు ముందే తెరుచుకుంటుంది, కొత్త గాలి ఒకవైపుకు వాలిపోయి నేరుగా ఎగ్జాస్ట్ వైపు నడుస్తుంది. పోర్టు అంచును వేలితో తడిమితే గోరు తగులుకోకూడదు. తగులుకుంటే రింగూ తగులుకుంటుంది.

మన ఎండ, మన పెట్రోలు

ఇంజిను ట్యూనింగ్ పాఠాలు ఎక్కువగా చల్లటి దేశాల నుంచి వచ్చినవే. మన దగ్గర మే మధ్యాహ్నం 43 డిగ్రీలు, డిసెంబరు తెల్లవారుజామున 16 ఉంటే, గాలి చిక్కదనంలో సుమారు 9 శాతం తేడా. వేసవి మధ్యాహ్నం జెట్టు బాగా సన్నం చేసి, ప్లగ్ రంగు చూసి మురిసిపోయిన బండి చలికాలం తెల్లారుజామున గుత్తి, డోన్ మీదుగా కర్నూలు దారిలో ఫుల్ యాక్సిలరేటర్‌లో పోతే, గాలి పెరిగినంతగా పెట్రోలు పెరగదు. పిస్టన్ తల వేడెక్కి పట్టేసేది ఇలాంటి ఖాళీ రోడ్డు మీదే. జెట్టు చలికాలానికి సరిపడా పెట్టుకుని, వేసవిలో కాస్త మందంగా, అంటే పెట్రోలు పాలు ఎక్కువగా, నడవనివ్వడమే క్షేమం.

దీనికి తోడు 2025లో దేశమంతా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్ నాకింగ్‌ను తట్టుకుంటుంది, ఆ మేరకు లాభమే. కానీ అది మండడానికి గాలి తక్కువ కావాలి, కాబట్టి అదే గాలికి పెట్రోలు ఎక్కువ పోయాలి. ఇథనాల్ లేని పెట్రోలుతో పోలిస్తే 7 శాతం పైనే ఎక్కువ. పదేళ్ల కిందట సరిగ్గా కూర్చిన జెట్టు ఇవాళ అదే బండికి పలచన, అంటే పెట్రోలు చాలదు. పెద్ద బ్లాకు వేశాక పాత జెట్టే ఉంచేస్తే ఆ పలచన ఇంకా పెరుగుతుంది. పాత రబ్బరు పైపులు, కార్బురేటర్ వాషర్లు కూడా ఈ పెట్రోలుకు ఉబ్బి చెడతాయి, వాటిని కూడా మార్చేయాలి.

నూనె సంగతి అందరూ మరిచిపోతారు. ఆర్‌ఎక్స్‌లో ఆయిల్ పంపు యాక్సిలరేటర్ కేబుల్‌తో ముడిపడి ఉంటుంది. అది 98 సీసీకి లెక్కగట్టిన పంపు. 132 సీసీకి పోయాక పంపు స్ట్రోకు సరిచేయాలి, లేదా ట్యాంకులోనే కొంత టూటీ ఆయిల్ కలపాలి. ఎత్తు దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసి ఇంజినును వేగంగా తిరగనిస్తే ఆ కాసేపు నూనె దాదాపు అందదు. గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు అప్పుడప్పుడూ క్లచ్ పట్టి కొంచెం యాక్సిలరేటర్ తిప్పే పాతవాళ్ల అలవాటుకు కారణం ఇదే.

ఇంకో విషయం, ఇష్టం లేకపోయినా తెలుసుకోవాల్సింది. ఆర్‌సీలో రాసిన సీసీకి మించి ఇంజిను మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. కంపెనీ ఇచ్చిన నమూనాకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడే అవకాశం వచ్చింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట అడిగేది కూడా ఇదే. ట్రాకు మీద నడిపే బండి వేరు, ఆర్‌సీతో రోడ్డెక్కే బండి వేరు.

ఎవరికి ఏది

రాయచోటి వైపు ఘాట్ ఎక్కుతూ, వెనక చీనీకాయల బస్తాతో తిరిగే బండికి 180 డిగ్రీలు దాటని ఎగ్జాస్ట్, కంపెనీ సైలెన్సర్, కొత్త రింగులు, సరిగ్గా బోరు చేసిన అసలు బ్లాకు చాలు. అందులో శక్తి "పెరిగినట్టు" అనిపించడం ఖాయం, ఎందుకంటే అరిగిన బ్లాకులో పోయిన శక్తే తిరిగొస్తుంది. నలభై వేల కిలోమీటర్లు తిరిగిన బండిని కొత్త కిట్టుతో పోల్చి కిట్టును పొగిడేవాళ్లు చాలామంది. పోల్చాల్సింది కొత్తగా చేయించిన అసలు బ్లాకుతో.

జాతీయ రహదారి మీద వేగం కావాలనుకునేవాడికి 58 మి.మీ. బోరు ఆర్‌ఎక్స్ 135 కొలతల బ్లాకే సహజమైన మెట్టు, అది కంపెనీయే నడిపి చూసిన కూర్పు. దాని హెడ్డు, పిస్టన్, సైలెన్సర్ కూడా ఆ కుటుంబానివే ఉండాలి. 190 డిగ్రీల పైన కోసిన పెద్ద బోరు బ్లాకులు ట్రాకు కోసం. వాటితో పాటు చాంబర్ సైలెన్సర్, బ్యాలెన్సు చేయించిన క్రాంకు, రెండు వారాలకోసారి ప్లగ్ చూసే ఓపిక కావాలి. రెండింటి మధ్యలో ఏదో కావాలనుకునేవాళ్లకు ఎక్కువగా దొరికేది రెండింటిలోని లోపాలే.

చివరిగా లేత్ షాపుకు వెళ్లే క్రమం. పిస్టన్ కొనకముందే బ్లాకు బోరు చేయించకండి. పెట్టె మీద 0.50 అని రాసి ఉన్నా, పిస్టన్‌ను దాని కింది అంచుకు కాస్త పైన, గజన్ పిన్నుకు అడ్డంగా మైక్రోమీటర్‌తో కొలిచి, ఆ కొలతకు రెండు థౌ, అంటే 0.05 మి.మీ., కలిపి బోరు చేయమనండి. పోత పిస్టన్‌కు ఇది సరిపోతుంది. ఫోర్జ్‌డ్ పిస్టన్ అయితే అది వేడికి ఎక్కువ సాగుతుంది కాబట్టి దాని తయారీదారు చెప్పిన ఖాళీయే పాటించాలి. బోరు అయ్యాక హోనింగ్ (రాయితో గోడను నునుపు చేయడం) గీతలు అడ్డదిడ్డంగా ఒకదాన్నొకటి కోస్తూ కనిపించాలి. అన్ని పోర్టుల అంచులనూ మళ్లీ వాల్చమని గుర్తుచేయాలి, ఎందుకంటే బోరింగ్ పదును అంచులను మళ్లీ తెస్తుంది. బిగించే ముందు బ్లాకును వేడి నీళ్లు, సబ్బుతో కడిగి, తెల్లటి గుడ్డతో లోపల తుడవండి. గుడ్డకు బూడిద రంగు అంటుకున్నంతసేపూ కడుగుతూనే ఉండాలి. అంటడం ఆగాక వెంటనే నూనె పూసి బిగించేయండి, ఆలస్యమైతే గంటలోనే తుప్పు మొదలవుతుంది.